‘బండెనక బండి కట్టి’: ఒక సంబోధన చరిత్ర

తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మౌఖిక సాహిత్యానికి ఇచ్చిన పాటలలో ‘బండెనక బండి కట్టి’ అంతటి ప్రచారం పొందినవి అరుదు. సభలో మొదటి మాట అందగానే శ్రోతలు మిగిలిన పాదాన్ని పూరించగల పాట ఇది. ఈ ప్రసిద్ధి వల్లనే కాబోలు, దీన్ని ఒక పాఠంగా నిలిపి చదివిన సందర్భాలు తక్కువ. పోరాట చరిత్రకు ఉదాహరణగానో, గద్దర్ గళానికి నిదర్శనంగానో పేర్కొని ముందుకు సాగిపోవడమే పరిపాటి అయింది. ఈ పాట ఎవరిని ఉద్దేశించి మాట్లాడుతున్నది, ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నది అనే రెండు ప్రశ్నలను ఆధారం చేసుకొని దాని ప్రయాణాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ప్రచారంలో ఉన్న పాఠం చివరి భాగంలో నాలుగు స్థలనామాలు వరుసగా వస్తాయి: సూర్యాపేట, నల్లగొండ, హైదరాబాదు, గోలుకొండ. మొదటి రెండూ పాడేవారి పరిసరాలు. మూడవది పాట ఎవరిని నిలదీస్తున్నదో అతని నివాసం. నాలుగవది అతనికి గోరీ కట్టబోయే చోటు. నాలుగు పేర్లతో ఒక గ్రామీణుడు గీసిన రాజకీయ పటం ఇది. ఈ పటంలో హైదరాబాదు ‘మన’ ఊరు కాదు, ‘నీ’ ఊరు. పాట సూర్యాపేట వైపు నుంచి రాజధానిని చూస్తూ మాట్లాడుతుంది. అదే పాట మూడు దశాబ్దాల తర్వాత ఆ ‘నీ’ ఊరికి వచ్చి, వేదికలకెక్కి, వెండితెరకెక్కి, చివరకు చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీపరీక్షలకు చదువుకొనే అభ్యర్థి చేతి పుస్తకంలోకి చేరింది. ‘నీ ఊరు’ పాడేవారి ఊరు అయినప్పుడు పాటలోని ‘నువ్వు’ ఎవరు?

కర్త, కాలం

జానపద గేయ లక్షణాలు చెప్పేటప్పుడు అజ్ఞాత కర్తృత్వాన్ని ప్రధానంగా పేర్కొనడం తెలుగు జానపద అధ్యయనంలో అలవాటు. ఆ కొలతతో చూస్తే ఈ పాట జానపదం కాకూడదు. దీనికి కర్త ఉన్నాడు. సాయుధ పోరాట కాలపు ప్రజాకవి, గాయకుడు బండి యాదగిరి పేరుమీదనే ఇది వ్యవహారంలో ఉన్నది. ‘బండి’ ఆయన ఇంటిపేరు. పాట ఆ మాటతోనే మొదలవుతుంది. దీన్ని కవి తన ముద్రగా ఉద్దేశించాడో లేదో తేల్చడం సాధ్యం కాదుగాని, పదసాహిత్యంలో ముద్రలకు అలవాటుపడిన పాఠకునికి ఆ సందేహం రాకమానదు.

కర్త తెలిసినంత మాత్రాన పాట జానపదం కాకుండా పోదు. 1954లో అంతర్జాతీయ జానపద సంగీత మండలి సావోపాలో సమావేశంలో ఆమోదించిన నిర్వచనం ఈ చిక్కును ఎదుర్కొన్నది. ఒక వ్యక్తి కూర్చినదైనా, ఆ తర్వాత సమాజపు అలిఖిత సంప్రదాయంలో కలిసిపోయి రూపాంతరాలు పొందితే అది జానపద సంగీతమే అని ఆ నిర్వచన సారాంశం. పుట్టుకను బట్టి కాక బతుకును బట్టి పాటను గుర్తించడం ఇది. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) విశ్వవిద్యాలయాలలో తెరిచిన మార్గం, తర్వాత జయధీర్ తిరుమలరావు తెలంగాణ రైతాంగ పోరాట ప్రజాసాహిత్యంపై చేసిన కృషి, ఈ రెండింటి నడుమ ఉన్న దూరం కూడా ఇదే. మొదటిది పొలం పనుల, పండుగల, పురిటింటి పాటలను సాహిత్యంగా నిలబెట్టింది. రెండవది తేదీ ఉన్న పాటలను, కర్త ఉన్న పాటలను, కత్తి పట్టిన పాటలను కూడా అదే గౌరవంతో చూడాలని కోరింది.

పాట కాలాన్ని లోపలి ఆధారాలతో కొంతవరకు నిర్ణయించవచ్చు. నిజాం ప్రభుత్వం బతికి ఉన్నట్టుగా పాట మాట్లాడుతుంది కనుక 1948 సెప్టెంబరు 17 దానికి అవధి. పోలీసు, మిలిటరీ రెండూ కలిసి పల్లెల మీద పడిన ప్రస్తావన ఉన్నది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణం తర్వాత ఉద్యమం వేడెక్కి, ఆ ఏడాది చివరి నెలలలో నల్లగొండ జిల్లా పల్లెలలోకి సైనిక బలగాలు దిగాయి. పాట ఆ తర్వాతిదని భావించడం సమంజసం. మరొక ఆధారం ఇంతకన్నా ఆసక్తికరమైనది. నిజాం ప్రభుత్వాన్ని నాజీలతో పోల్చి, వారిని మించినదని పాట నిందిస్తుంది. జర్మనీ ముఖం చూడని రైతు నోట నాజీ అనే మాట ఎలా వచ్చింది? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, ముఖ్యంగా 1942 తర్వాత, ప్రజాశక్తి వంటి పత్రికలు, కమ్యూనిస్టు ఉపన్యాసకులు ఫాసిజం వ్యతిరేక ప్రచారాన్ని ఊళ్లకు తీసుకువెళ్లారు. ఆ ప్రచారపు మాట కొద్ది సంవత్సరాలలోనే పల్లెపాటలో తిట్టుగా మారింది. జానపద గేయం కాలాతీతమని చెప్పేవారు ఒక్క ఈ మాట దగ్గర ఆగి చూడవలసి ఉంటుంది.

బండ్లు ఎవరివి

పాట పేరులోనే ఉన్న బండ్ల వరుసను సాధారణంగా పాలకుని ఆడంబరంగా చెప్పుకొంటారు. ఒకదాని వెనుక ఒకటిగా పదహారు బండ్లు కట్టుకొని వచ్చే ప్రభువు చిత్రం అది. అయితే నిజాం రాజ్యంలోని పల్లెలో బండి అనగానే ముందుగా గుర్తుకు వచ్చేది ఆడంబరం కాదు, వెట్టి. దేశ్‌ముఖ్ ప్రయాణానికి, గిర్దావరు విడిదికి, తహసీల్దారు పర్యటనకు రైతు తన ఎడ్లను, బండిని, తన పని దినాన్ని ఉచితంగా ఇవ్వాలి. యుద్ధకాలంలో లెవీ గల్లా వసూలు వచ్చి ఈ భారాన్ని మరింత పెంచింది. ధాన్యమూ రైతుదే, దాన్ని మోసుకుపోయే బండీ రైతుదే. ఈ నేపథ్యంలో చూస్తే పదహారు బండ్ల వరుస పాలకుని సొత్తు కాదు. పాడుతున్నవారి నుంచి లాక్కొన్న బండ్ల వరుస. నువ్వు ఏ బండిలో వస్తావని అడగడంలోని వెక్కిరింత అప్పుడు పూర్తిగా అర్థమవుతుంది. బండ్లన్నీ మావే అయినప్పుడు నువ్వు ఎక్కడానికి నీ బండి ఏది అని ఆ ప్రశ్న.

వెట్టి ఎంతటి వ్యవస్థపై నిలిచిందో పుచ్చలపల్లి సుందరయ్య తమ తెలంగాణ పోరాట గ్రంథంలో (1972) ఇచ్చిన భూస్వామ్య వివరాలు తెలుపుతాయి. జెన్నారెడ్డి ప్రతాపరెడ్డి కుటుంబానికి లక్షా యాభై వేల ఎకరాలు, విసునూరు దేశ్‌ముఖ్‌కు నలభై వేల ఎకరాలు ఉన్నట్టు అందులో నమోదైంది. ఇంత భూమి ఉన్నవాని గుమ్మంలో నిలబడి మాట్లాడే భాష ఎలా ఉండేదో తెలియకుండా ఈ పాటలోని భాష విలువ తెలియదు.

బాంచెన్ నుంచి కొడకా దాకా

‘నీ బాంచెన్, కాల్మొక్త’ అనేది తెలంగాణ పల్లెలలో దొర ఎదుట పలకవలసిన మాట. బాంచె అంటే దాసి. మాట్లాడడానికి ముందు తనను తాను దాసిగా ప్రకటించుకోవడం ఆనాటి సంభాషణ నియమం. ఆ శ్రేణికి పై చివర ఉన్నవాడు నిజాం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన గౌరవ సంబోధన ‘హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్’. ఉర్దూలో ‘ఆలా హజ్రత్’. ఈ సంబోధనల నిచ్చెన మొత్తాన్ని పాట ఒకే మాటతో కూల్చింది. ఆ మాట ‘కొడకా’.

దాశరథి కృష్ణమాచార్యులు కూడా నిజామును ఉద్దేశించి పద్యాలు చెప్పారు. ఆ పద్యాలలో నిజాం పిశాచం. ఆ సంబోధన ప్రౌఢమైనది, భీకరమైనది. కాని పిశాచమని పిలిచినప్పుడు శత్రువు ఒక విధంగా పెరుగుతాడు. మనిషిని మించిన శక్తి అవుతాడు. పాట పద్ధతి దీనికి విరుద్ధం. కొడకా అని పిలిచినప్పుడు రాజ్యాధిపతి ఊరి రచ్చబండ దగ్గర చెవి మెలిపెట్టించుకొనే కుర్రవాడవుతాడు. శత్రువును పెంచి ఎదిరించడం పద్యకవి ధర్మం కాగా, శత్రువును కుదించి ఎదిరించడం పాటగాని ధర్మం. సాయుధ బలగాల ఎదుట గుతుపలు, వడిసెలలు పట్టుకొని నిలబడవలసిన సమూహానికి ఈ రెండవదే ఎక్కువ అవసరమై ఉంటుంది.

‘కొడకా’ అనే మాటకు తెలంగాణ వ్యవహారంలో రెండు వైపులా పదును ఉన్నది. తిట్టేటప్పుడూ అదే, తల్లి బిడ్డను దగ్గరికి తీసుకొనేటప్పుడూ అదే. చనిపోయిన బిడ్డమీద పడి ఏడ్చే శోకాలలో పదే పదే వచ్చే మాట కూడా అదే. తర్వాతి దశాబ్దాలలో విప్లవోద్యమ స్మృతిగీతాలు ఈ రెండవ అర్థాన్ని విరివిగా వాడుకొన్నాయి. ఒకే సంబోధన శత్రువుకు తిట్టుగానూ అమరునికి జోలగానూ పనిచేసిన ఈ పాటల సంప్రదాయం వేరే పరిశోధనకు తగిన విషయం.

భాషాపరంగా మరొక అంశం. సర్కారు, ఖిల్లా, గోరీ – పాటలోని ఈ ముఖ్యమైన మాటలన్నీ దర్బారు భాష నుంచి వచ్చినవి. ‘గోరీ’ పారశీక మూలం గల మాట. అధికారుల నోట వినీ వినీ పల్లె తన ఉచ్చారణలోకి మార్చుకొన్న ఈ మాటలతోనే పల్లె ఆ అధికారాన్ని తిట్టింది. ‘మిలిటరీ’ ఇంగ్లీషు నుంచి వచ్చి ‘మిల్ట్రి’ అయింది. బండి మాత్రం అచ్చమైన తెలుగు మాట. రైతుదైన వస్తువుకు రైతు మాట, రాజ్యానివైన వస్తువులకు రాజ్యపు మాటలు. ఇది ఉద్దేశపూర్వక రచనా వ్యూహమని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. ఆనాటి బతుకులో మాటలు అలాగే పంచబడి ఉన్నాయి.

నగరంలోకి

ఈ పాటకు ముందే నారాయణగూడకు తెలుగు ఉద్యమంతో సంబంధం ఉన్నది. మాడపాటి హనుమంతరావు 1928లో తెలుగు మాధ్యమంలో స్థాపించిన బాలికల ఉన్నత పాఠశాల నేటికీ ఆయన పేరుతో అక్కడ ఉన్నది. ఆయనే ముందుండి నడిపిన ఆంధ్రోద్యమం వెట్టికి వ్యతిరేకంగా కరపత్రాలు వేసింది, తీర్మానాలు చేసింది, ప్రభుత్వానికి వినతులు పంపింది. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ 1944 భువనగిరి సభ నాటికి రావి నారాయణరెడ్డి అధ్యక్షతన మరో మలుపు తిరిగింది. వినతిపత్రానికి కూడా సంబోధన ఉంటుంది. ‘మహాప్రభువుల సన్నిధికి’ అనే ధోరణి దానిది. నారాయణగూడ వినతి నుంచి సూర్యాపేట పాట దాకా పదిహేను, ఇరవై ఏళ్ల దూరం. ఆ దూరాన్ని కొలవడానికి సంబోధనలో వచ్చిన మార్పుకన్నా మంచి కొలబద్ద దొరకదు. మొదటిదాన్ని తక్కువచేసి చెప్పడం న్యాయం కాదు. వెట్టి అనేది నేరమని ముందుగా కాగితంమీద పెట్టింది ఆ తరమే.

పాట నగరంలో అందరికీ వినిపించింది సినిమా ద్వారా. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించిన ‘మా భూమి’ 1979 నాటి చిత్రం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసి, ప్రజానాట్యమండలి ప్రదర్శించిన ‘మాభూమి’ నాటకానికీ దీనికీ పేరు సామ్యమే. సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. అంటే నిజామును దుయ్యబట్టిన తెలుగు పాట ఉర్దూ రచయిత కథలో, బెంగాలీ దర్శకుని చేతిమీదుగా, వింజమూరి సీతాదేవి సంగీతం అందించిన చిత్రంలో తెరకెక్కింది. పాడినవారు, తెరపై స్వయంగా కనిపించినవారు గద్దర్‌గా ప్రసిద్ధులైన గుమ్మడి విఠల్‌రావు. సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ కూడా ఇదే చిత్రం ద్వారా కొత్త తరానికి చేరింది.

ఆ చిత్రం వచ్చిన సమయాన్ని గమనించాలి. ఎమర్జెన్సీ ముగిసి రెండేళ్లయింది. 1978లో జగిత్యాల రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. వెంటనే ఆ ప్రాంతాన్ని కల్లోలిత ప్రాంతంగా ప్రకటించారు. 1967 ఫిబ్రవరి 24న మరణించిన నిజాం పేరును 1979లో గద్దర్ గట్టిగా పిలుస్తున్నప్పుడు శ్రోతకు వినిపించింది ఆ పేరు ఒక్కటే కాదు. పోలీసు, మిలిటరీ అనే మాటలు వర్తమానానివి. ‘సర్కారు’ అనే మాట అంతకన్నా వర్తమానానిది. ‘నైజాము’ అనే విశేషణాన్ని శ్రోత తన మనసులోనే తొలగించుకొని, ‘సర్కారు’ అనే విశేష్యాన్ని నిలుపుకొన్నాడు. పాటలో ఒక్క అక్షరం మారకుండానే సంబోధితుడు మారాడు. ఈ పాట దీర్ఘాయువుకు కారణం ఇక్కడే ఉన్నది. నిజాం అనే వ్యక్తిని మాత్రమే తిట్టి ఉంటే 1948తోనో, 1967తోనో అది చరిత్ర అయ్యేది. సర్కారును తిట్టింది కనుక పాలన ఉన్నంతకాలం దానికి పని ఉన్నది.

చిక్కడపల్లికి ఆనుకొని ఉన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నగరంలో తెలుగు సినిమా ప్రదర్శనకు కేంద్రం. సుదర్శన్, దేవి, సంధ్య వంటి థియేటర్లు అక్కడివే. సినిమా వ్యాపార పరిభాషలో ‘నైజాం’ అంటే నేటికీ తెలంగాణ జిల్లాల పంపిణీ ప్రాంతం. నైజాం హక్కులు, నైజాం వసూళ్లు అనే మాటలు ప్రతి శుక్రవారం వినిపిస్తాయి. పాటలో గోరీ కట్టించుకోవలసిన పేరు సినిమా వీధిలో లెక్కల పద్దుగా నిలిచి ఉండటం చరిత్ర చేసిన చిన్న చమత్కారం.

ఇంతకన్నా ఆలోచించదగినది గోరీ విషయం. పాట ఆ గోరీని గోలుకొండ కోట కింద కడతామన్నది. ఆ కోట కింద ఉన్నవి కుతుబ్‌షాహీల సమాధులు. 1687లో ఆ వంశపు పాలన అంతమైంది. అసఫ్‌జాహీలకు అక్కడ సమాధుల సంప్రదాయం లేదు. మొదటి నిజాం ఖుల్దాబాద్‌లోను, తర్వాతివారిలో పలువురు మక్కామసీదు ప్రాంగణంలోను ఉన్నారు. పాటగానికి ఈ భేదం తెలియదని కొట్టివేయవచ్చు. కాని పల్లె దృష్టిలో గోలుకొండ అంటే పతనమైన రాజరికానికి కంటికి కనిపించే గుర్తు. నీకన్నా ముందటి రాజులు ఎక్కడ ఉన్నారో నువ్వూ అక్కడికే పోతావు అని చెప్పడం అందులోని భావం. చరిత్రలో జరిగింది వేరు. ఏడవ నిజాం 1950 నుంచి 1956 వరకు రాజప్రముఖ్‌గా ఉండి, కింగ్‌కోఠీలో కన్నుమూసి, ఎదురుగా ఉన్న జూదీ మసీదులో తల్లి సమాధి చెంత ఖననమయ్యారు. ఆ చోటు నారాయణగూడ నుంచి నడిచి వెళ్లగల దూరం. పాట చూపిన దిక్కు పడమర. గోరీ మాత్రం పాట పాడుకొంటున్న నగరవాసుల వీధుల మధ్యనే ఉన్నది.

‘మేము’ పాట, ‘నువ్వు’ పాట

ఒక పోరాట గీతం ఎలా చేతులు మారుతుందో అర్థం చేసుకోవడానికి అమెరికన్ జానపద గీతాలలో అత్యంత ప్రసిద్ధమైన ‘వి షల్ ఓవర్‌కమ్’ చరిత్ర ఉపకరిస్తుంది. దాని మూలాలలో ఒకటిగా చెప్పే ఛార్లెస్ ఆల్బర్ట్ టిండ్లీ చర్చి కీర్తన ఇరవయ్యో శతాబ్దం తొలినాటిది. అందులో పాడేది ‘నేను’. 1945-46లో దక్షిణ కరోలినాలోని ఛార్లెస్టన్ పొగాకు కర్మాగారపు సమ్మెలో నల్లజాతి మహిళా కార్మికుల నోట ‘నేను’ ‘మేము’గా నిలబడింది. వారి వద్ద దాన్ని నేర్చుకొన్న జిల్ఫియా హార్టన్ టెనెసీలోని హైలాండర్ పాఠశాలలో నలుగురికీ నేర్పారు. ఆమె నుంచి పీట్ సీగర్, తర్వాత గై కరవాన్ అందుకొన్నారు. 1960లో విద్యార్థుల పౌరహక్కుల సంఘం పుట్టిన సభలో కరవాన్ పాడాక అది ఉద్యమగీతమైంది. హార్టన్, సీగర్, కరవాన్, ఫ్రాంక్ హామిల్టన్‌ల పేర్లమీద ప్రచురణ హక్కులు నమోదయ్యాయి. సుదీర్ఘ వ్యాజ్యం తర్వాత 2018లో గాని ఆ పాట అందరి సొత్తుగా ప్రకటితం కాలేదు. పొగాకు కార్మికురాలు లూసిల్ సిమన్స్ పేరు ఆ హక్కుల పత్రాలలో లేదు. గిరిజాకుమార్ మాథుర్ హిందీ రూపం ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ ద్వారా తెలుగు బడి పిల్లలకు కూడా ఆ గీతం తెలుసు.

ఆ గీతంలో ‘మేము’ ఉన్నది, ‘నువ్వు’ లేదు. శత్రువు పేరు, స్థలం, కాలం ఏవీ లేవు. అందుకే అది ఏ దేశానికైనా, ఏ భాషకైనా వెళ్లగలిగింది. అందుకే ప్రభుత్వ పాఠశాలల ఉదయప్రార్థనలో కూడా ఇమిడిపోయింది. ‘బండెనక బండి’ దీనికి పూర్తిగా భిన్నం. దానిలో శత్రువు ఉన్నాడు, అతని విలాసం ఉన్నది, అతనికి కట్టబోయే గోరీ చిరునామా కూడా ఉన్నది. ‘నువ్వు’ను తీసివేస్తే పాట మిగలదు. అనువాదంలో ‘కొడకా’ నిలవదు. తెలుగు నేల దాటి ఈ పాట విస్తరించకపోవడానికి ఇది ప్రధాన కారణం కావచ్చు. ఇక్కడే ఇంత కాలం పదునుగా ఉండటానికి కూడా ఇదే కారణం. ‘మేము’ పాటను ఎవరైనా మాకు కూడా అని కలుపుకోగలరు. ‘నువ్వు’ పాటను పాడించాలంటే పాలకులు ముందుగా అందులోని వేలు తమవైపు లేదని నిర్ధారించుకోవాలి.

సెప్టెంబరు 17కు పేర్లు

2002 తర్వాత ధూంధాం వేదికలతో తెలంగాణ ఉద్యమం పాటనే ప్రధాన సాధనంగా చేసుకొన్నది. సాయుధ పోరాట గీతాలు ఆ వేదికలకు వారసత్వంగా వచ్చాయి. 2014లో రాష్ట్రం ఏర్పడిన తర్వాత నిజాం పాలనను గురించిన అధికారిక స్వరంలో మెత్తదనం కనిపించింది. ఆనకట్టలు, ఆసుపత్రులు కట్టించిన పాలకునిగా ఆయనను స్మరించడం మొదలైంది. మరోవైపు 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం సెప్టెంబరు 17ను హైదరాబాద్ విమోచన దినంగా జరుపుతున్నది. రాష్ట్ర ప్రభుత్వం అదే రోజును జాతీయ సమైక్యతా దినమన్నది. ప్రభుత్వం మారాక 2024లో ప్రజాపాలన దినోత్సవమన్నది. వామపక్షాలకు అది సాయుధ పోరాట వారోత్సవాల కాలం. ఒకే తేదీకి ఇన్ని పేర్లున్న చోట, ఆ తేదీకి ముందు పుట్టిన పాటను ప్రతివారూ తమ అర్థంలోకి లాక్కోవడం సహజం.

ఈ లాగులాటలో పాఠం ఎటు మొగ్గుతుందో చెప్పడం సాహిత్య విద్యార్థి బాధ్యత. నిజాం మతాన్ని గురించి ప్రచారంలో ఉన్న గద్దర్ పాఠంలో ఒక్క మాట లేదు. నింద అంతా పల్లెల దోపిడీకి, బలగాల దాష్టీకానికి, సర్కారు అహంకారానికి పరిమితం. ‘గోరీ’ అనే మాటను పట్టుకొని మతపరమైన సూచన వెతకడం తెలంగాణ వ్యవహారం తెలియని పని. పాతిపెట్టే ఆచారం గల కులాలన్నింటికీ ఇక్కడ గోరీయే కడతారు. ఉర్దూలో ‘ఇమ్రోజ్’ పత్రికను నడిపిన షోయబుల్లాఖాన్‌ను నారాయణగూడకు దూరం కాని కాచిగూడ ప్రాంతంలో రజాకార్లు 1948 ఆగస్టులో నరికి చంపారు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ ఆ పోరాటానికే నాయకుడు. పాట నిలదీసిన సర్కారును మత సమూహంతో సమానం చేస్తే వీరిద్దరూ పాటలో ఎటువైపు నిలబడాలో తేలదు.

అయితే నిజాం పాలనలో జరిగిన నిర్మాణాలను చూపి పాటను అతిశయోక్తిగా తేల్చే ధోరణి కూడా నిలవదు. ఉస్మాన్‌సాగర్, ఉస్మానియా ఆసుపత్రి నగరానికి వచ్చాయి. పాట పుట్టింది ఆ నగరం ‘నీ’ ఊరైన చోట. ఆనకట్ట నీళ్లు తాగిన నగరవాసికీ, వెట్టి బండి తోలిన సూర్యాపేట రైతుకూ సర్కారు ఒకే విధంగా కనిపించాలని కోరడంలో న్యాయం లేదు.

అశోక్‌నగర్‌లో

2023 ఆగస్టు 6న గద్దర్ మరణించినప్పుడు నగరమంతటా వినిపించిన ఆయన పాటలలో ఇదీ ఒకటి. సంస్మరణలలో గాయకుని పేరు కర్త పేరును కప్పివేయడం కూడా కనిపించింది. బాణీలో, అభినయంలో గద్దర్ చేర్చినది తక్కువ కాదు. గొంగడి, కర్ర, చిందు లేకుండా ఈ పాటను ఊహించడం నేటి శ్రోతకు కష్టం. కాని జానపదుల పద్ధతిలో కర్త మరుపునపడటం వేరు, ప్రచార మాధ్యమాల పద్ధతిలో కర్త స్థానంలో గాయకుడు రావడం వేరు. మొదటిదానిలో పాట సమూహానిది అవుతుంది. రెండవదానిలో ఒక వ్యక్తి నుంచి మరొక వ్యక్తికి బదిలీ అవుతుంది. ఛార్లెస్టన్ కార్మికురాలికి జరిగినది, యాదగిరికి జరుగుతున్నది ఒకటే.

కర్త పేరును ఎవరూ ఊహించని చోట ఒక వ్యవస్థ భద్రపరుస్తున్నది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, దాని చుట్టూ అశోక్‌నగర్ వీధులలోని శిక్షణ సంస్థలు, గదులు, జిరాక్సు దుకాణాలు రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన ఉద్యోగార్థుల స్థావరం. ‘తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం’ గ్రూప్ పరీక్షలలో ప్రత్యేక పత్రం. సాయుధ పోరాటం, దాని సాహిత్యం పాఠ్యాంశాలు. ‘బండెనక బండి కట్టి’ రచయిత ఎవరు అన్నది ఇక్కడి అభ్యర్థి కంఠస్థం చేసే బిట్లలో ఒకటి. నాలుగు పేర్లలో యాదగిరి పేరును గుర్తించాలి. గద్దర్ పేరు అక్కడ తప్పు సమాధానం. సభలు, సినిమా, పత్రికలు మరచిన విషయాన్ని ఒక మార్కు ప్రశ్న గుర్తుపెట్టుకొన్నది.

ఆ అభ్యర్థులలో ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవారు. సూర్యాపేట, నల్లగొండల వారూ ఉన్నారు. 2024 అక్టోబరులో గ్రూప్-1 మెయిన్స్ వాయిదా వేయాలని కోరుతూ వారు అశోక్‌నగర్ రోడ్లమీదకు వచ్చారు. పోలీసులు వచ్చారు. పరీక్ష అనుకొన్న తేదీకే మొదలైంది. గ్రంథాలయంలో మళ్లీ అవే బల్లలమీద అవే పుస్తకాలు తెరుచుకొన్నాయి. వాటిలో పాటకు సంబంధించి పేరు, కాలం, సినిమా, గాయకుడు అనే నాలుగు వివరాలు ఉంటాయి. పాట ఎవరిని పిలుస్తున్నదనే ప్రశ్న బిట్లలో లేదు.